మైనింగ్ సున్నా

ఇనుము ముట్టకూడదు. గని తవ్వకూడదు. కొలిమి దగ్గరికి పోకూడదు. ఈ నియమాలన్నీ పెట్టుకుని, బొగ్గు గనుల ఊరు గోదావరిఖనిలో కూర్చుని, ఒక మనిషిని తయారు చేయాలని నేను రెండు వానాకాలాలు కష్టపడ్డాను. నిజం మనిషిని కాదు, కంప్యూటర్లో ఆడే ఆటలో మనిషిని. నిజం మనుషుల మీద ఆ నియమాలు మా ఊళ్లో నడవవు. ఇక్కడ తీగ మీద ఆరేసిన తెల్ల చీర కూడా సాయంత్రానికి ఎంతో కొంత డ్యూటీ చేసే లోపలికి వస్తుంది.

ముందు ఆట సంగతి చెప్పాలి. అందులో ఊళ్లున్నాయి, అడవులున్నాయి, గుహలున్నాయి, వాటి నిండా ప్రపంచంలో పని తప్పించుకున్న వాళ్లందరూ ఉన్నారు. చేరగానే నువ్వు యోధుడివి, నువ్వు మంత్రగాడివి అని ఎవరూ ముద్ర వేయరు. ఏ పని చేస్తే ఆ పనిలో నేర్పు పెరుగుతుంది. కత్తి తిప్పితే కత్తిలో, వంట చేస్తే వంటలో. ప్రతి నేర్పుకూ తెర మీద ఒక గీత, పక్కన ఒక అంకె ఉంటాయి. చేసిన కొద్దీ గీత నిండుతుంది. అలాగని అన్నీ నింపుకుంటామంటే కుదరదు, మొత్తం మీద ఒక హద్దు ఉంది. హద్దు చేరాక ఒక నేర్పు పెరిగితే ఇంకొకటి ఆ మేరకు తరుగుతుంది. ఎవరి బిడ్డవని అడగరు, ఎవరు పంపారని అడగరు. ఇంత న్యాయమైన ఏర్పాటు నేను బయట ఎక్కడా చూడలేదు.

నాకు ఉద్యోగం వచ్చిన తీరు దీనికి పూర్తిగా వ్యతిరేకం. మా వైపు నాన్నను బాపు అంటాం. మా బాపు భూమి కింద బాయిలో, అంటే బొగ్గు గనిలో, టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పని. ముప్పై ఏళ్లు కర్రలు నిలబెట్టాక ఆయనకే దమ్ము పట్టుకుంది. నాలుగు మెట్లెక్కితే గోడ పట్టుకుని నిలబడేవాడు. చివరికి మెడికల్ బోర్డు ముందుకు వెళ్లాడు, బోర్డు అన్‌ఫిట్ అంది. అన్‌ఫిట్ అయిన వాళ్ల ఉద్యోగం పిల్లలకు వస్తుంది, ఈ మధ్య ఆడపిల్లలకు కూడా వస్తోంది. ఆ విధంగా ఆయన పనికిరాకుండా పోవడమే నా అర్హత అయింది.

"మీ బాపు అన్‌ఫిట్ అయిండట గదనే! మంచిగైంది పో, ఇగ ఫికర్ లేదు," అని ఎదురు క్వార్టర్ అక్క మనస్ఫూర్తిగా సంతోషించింది. స్వీట్లు కూడా పంచాం. మా దగ్గర అది శుభవార్తే, అందరూ అలాగే చెప్పుకుంటారు. బాపు కూడా ఒక లడ్డూ తిన్నాడు. కానీ ఆ తర్వాత మూలమీది చాయ్ హోటల్‌కు వెళ్లడం మానేశాడు. పాత షిఫ్టు వాళ్లందరూ అక్కడే కూర్చుంటారు. "వాళ్లు గదే మాట అడుగుతరు, అన్‌ఫిట్ అయినవా అని. నేను అయిన అనాలె. రోజు అనాలె," అన్నాడు అమ్మతో. ఆ తర్వాత కిటికీ పక్క కుర్చీయే ఆయన హోటలయింది.

నన్ను పైనుంచి తవ్వే ఓపెన్ కాస్ట్ గని కాంటా రూములో వేశారు. బొగ్గు లారీలు వచ్చి కాంటా ఎక్కుతాయి, నేను తూకం రాసి పంపుతాను. కాళ్లకు ముందు భాగాన ఇనుప రేకున్న బూట్లు, తలకు హెల్మెట్, ఒళ్లంతా బొగ్గు దుమ్ము. అలాంటి నాకు డ్రూయిడ్ కావాలని బుద్ధి పుట్టింది. డ్రూయిడ్ అంటే పాశ్చాత్యుల కథల్లో అడవిని కాచుకుని ఉండే మంత్రగాడు. చెట్ల పేర్లన్నీ తెలుసు, ఆకులతో వైద్యం చేస్తాడు, జంతువులతో మాట్లాడతాడు, కోపమొస్తే ఎలుగుబంటి అవుతాడు. నాకు చివరిది బాగా నచ్చింది. రోజంతా లారీ డ్రైవర్లతో వాదించే ఆడదానికి ఆ నేర్పు ఎంత అవసరమో ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

ఈ ఆటలోకి నన్ను దింపింది పక్క లైన్లో ఉండే నా చిన్ననాటి స్నేహితురాలు. వాళ్ల నాన్నది మోటర్ మెకానిక్ షాపు. ఆమె ఇంట్లో దక్కనీ మాట్లాడుతుంది, నాతో తెలుగు, బండి బాగు కాని కస్టమర్లతో రెండూ. మా ఇంట్లో కంప్యూటర్‌ను విడిభాగాలు తెచ్చి బిగించింది కూడా ఆమే. ఆటలో ఆమెది కమ్మరి వేషం. ఇనుము కరిగించి కత్తులు చేసి అమ్ముతుంది. పగలు చేసే పనికి అది దగ్గర పనే కాబట్టి ఆమెకు ఏ చిక్కూ లేదు.

"అరే, అడవిల ఆకులేరుకునుడు గుడ ఒక ఆటనా? జర కత్తి పట్టు యార్. తోడేలు వస్తే ఏం జేస్తవ్?" అని అడిగింది మొదట్లో.

"మాట్లాడుత," అన్నాను.

అన్నట్టే మాట్లాడాను. జంతువుల భాష పెరగాలంటే జంతువులతో మాట్లాడాలి, భాష రాకముందే మాట్లాడబోతే అవి కరుస్తాయి. ఆ అడవిలో నన్ను తినని తోడేలు లేదు. తిన్న ప్రతిసారీ గీత కొంచెం పెరిగింది. కొన్ని నెలలయ్యాక ఒక ముసలి తోడేలు నన్ను తినడం మధ్యలో ఆపి నా మాట వింది. ఆ సాయంత్రం నా సంతోషం చూసి అమ్మ నాకు సంబంధం కుదిరిందేమో అనుకుంది.

డ్రూయిడ్‌ను తయారు చేయడమంటే ఏం పెంచాలో తేల్చుకోవడం సగమే. ఏం పెంచకూడదో తేల్చుకోవడం మిగతా సగం. మూలికలు, జంతువుల భాష, వైద్యం, ధ్యానం, ఎలుగుబంటి రూపం. ఈ ఐదింటికే హద్దు సరిపోతుంది. ఆత్మరక్షణకు కర్రసాము కొంచెం పెడదామా వద్దా అని నేను వారం రోజులు బాధపడ్డాను. అంత ఆలోచన నేను ఇంటర్లో గ్రూపు ఎంచుకునేటప్పుడు పెట్టి ఉంటే కాంటా రూము దాకా వచ్చేదాన్ని కాదని అమ్మ అభిప్రాయం.

అయితే అన్నిటికంటే ముఖ్యమైనది ఒక సున్నా. ఆ ఆటలో డ్రూయిడ్‌లకు ఒక వనమండలి ఉంది. ఆటగాళ్లే పెట్టుకున్న గుంపు. అందులో చేరితేనే లోపలి అడవి తలుపు తెరుచుకుంటుంది, చేరకపోతే ఎన్ని ఆకులేరినా బయటి ఆకులే. ఏడాదికి రెండుసార్లు పరీక్ష పెడతారు. వచ్చినవాళ్ల నేర్పుల పట్టీ మొత్తం తెరిచి చూస్తారు, మైనింగ్ దగ్గర సున్నా ఉండాలి. ఒక్కసారి గునపం ఎత్తినా ఆ అంకె కదులుతుంది. తర్వాత దాన్ని తగ్గించుకోవచ్చు, కానీ పుట్టినప్పటి సున్నా పక్కన ఒక చిన్న ఆకు గుర్తు ఉంటుంది. ఆ ఆకు రాలితే ఇక రాదు. భూమిని ఎన్నడూ గాయపరచని చేతులు కావాలని వాళ్ల పట్టుదల. బొగ్గు బాయి చుట్టూ కట్టిన ఊళ్లో పుట్టి, బొగ్గు తూచి జీతం తీసుకుంటూ, ఆ ఒక్క సున్నాను నేను కంటికి రెప్పలా కాపాడుకున్నాను. నా బతుకు మొత్తంలో మైనింగ్ లేని చోటు అదొక్కటే.

దసరా తర్వాతి ఆదివారం పరీక్ష అని చెప్పారు. ఆదివారం సెలవును మా దగ్గర ప్లేడే అంటారు. ఆ మాటకు మా కుటుంబంలో న్యాయం చేసింది నేనొక్కదాన్నే. పరీక్షకు ముందు వారమంతా ఆట ముట్టవద్దని స్నేహితురాలు సలహా ఇచ్చింది.

"నువ్వు ఉత్తగ ఉండవు. ఏదో ఒకటి గెలికి ఖరాబ్ జేసుకుంటవ్. ఒక జాగల కూసోబెట్టి వదిలెయ్," అంది.

బుద్ధిమంతురాలి సలహా. నా డ్రూయిడ్‌ను కొండ కింద, దుప్పి కొమ్ముల కిరీటంతో, ఒక పెద్ద చెట్టు పక్కన కూర్చోబెట్టి వదిలేశాను. పక్కనే ఒక గుహ ఉంది. కొత్త ఆటగాళ్లు మైనింగ్ నేర్చుకునే గుహ, దాని ముందు ఒక గునపం, ఒక ఇనుప టోపీ ఎప్పుడూ పడి ఉంటాయి. వాటితో నాకేం పని అనుకున్నాను. మా ఇంట్లో ఇంకొకరికి పని ఉంటుందని తట్టలేదు.

శనివారం ఫస్టు షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి అమ్మ చిక్కుడుకాయలు తుంపుతోంది. బాపు కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పాత పద్యనాటకాలు చూడడానికి మౌస్ పట్టడం ఆయనకు నేనే నేర్పాను. తెర చీకటిగా ఉంటే కరెంటు లేదేమో అనుకున్నాను. దగ్గరికెళ్లి చూస్తే ఆ చీకట్లో ఒక చిన్న వెలుగు కదులుతోంది. ఇనుప టోపీ పెట్టుకుని, గునపం పట్టుకుని, రాతి గోడను టక్కు టక్కుమని కొడుతున్నది నా డ్రూయిడ్.

"ఏం జేస్తున్నవ్ బాపూ?"

"ఆగు బిడ్డా, ఇంకొంచెమే ఉన్నది. షిఫ్టు మధ్యల మాట్లాడొద్దు."

కిరీటం బురదలో పడి ఉంది. టోపీ లేకుండా లోపలికి దిగడం ఆయన ఒంటికి పడదు. కిరీటం తీసి, టోపీ పెట్టి, దీపం వెలిగించి, అన్ని జాగ్రత్తలూ తీసుకుని దిగాడు. నాలుగు దెబ్బలకోసారి గునపం పక్కన పెట్టి, నేను మంత్రాలు చదివే చేతికర్రతో గుహ కప్పును తట్టి వింటున్నాడు. ఆ కప్పు కంప్యూటర్ గీసిన బొమ్మ, అది ఎప్పటికీ కూలదు. నేను చూస్తున్నది పక్కనున్న పట్టీని. మైనింగ్ గీత సగం దాటింది. పక్కన ఆకు గుర్తు లేదు. హద్దు ముందే నిండి ఉంది కాబట్టి ఆయన తవ్విన ప్రతి రాయి కోసం నా నేర్పుల్లోంచి కొంత తరుగుతూ వచ్చింది. ఎలుగుబంటి గీత దాదాపు ఖాళీ అయింది. ముసలి తోడేలుతో నా స్నేహం కూడా పోయింది.

"ఎప్పటిసంది తవ్వుతున్నవ్?"

"సోమారం సంది. నువ్వు డ్యూటీకి పోంగనే నేను గుడ దిగుతున్న. సూడు, ఎంత నిండిందో." ఆయన ముఖం చాలా రోజుల తర్వాత తేటగా ఉంది.

నేను అరిచాను. ఏమేం అన్నానో అన్నీ ఇక్కడ రాయను. రెండు వానాకాలాల కష్టమని అన్నాను, రేపే పరీక్ష అని అన్నాను, నిన్ను ఎవలు జెయ్యమన్నరు అని అన్నాను. అమ్మ చిక్కుడుకాయలు వదిలేసి వచ్చి గుమ్మంలో నిలబడింది. బాపు మౌస్ మీంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"సున్నా ఉన్నది బిడ్డా," అన్నాడు.

"ఉంటె?"

"కొన్ని నిండే ఉన్నయ్. మైనింగ్ కాడ సున్నా ఉన్నది."

బాపు ఇంగ్లిష్‌లో గుర్తుపట్టగలిగిన మాటలు కొన్నే. డేంజర్, నో ఎంట్రీ, మైనింగ్. జీతం కాగితాల మీద, బోర్డుల మీద జీవితమంతా చూసిన మాట. ఆ మాట పక్కన సున్నా చూసి ఆయన ఏమనుకున్నాడో అర్థం కావాలంటే మస్టర్ గురించి తెలియాలి. మస్టర్ అంటే బాయిలో హాజరు. సెలవు, బోనస్, పర్మనెంట్ కావడం, అన్నీ మస్టర్ల మీదే నడుస్తాయి. మా ఇంట్లో ఎవరికైనా జ్వరమొస్తే ముందు మస్టర్ పోయిందనీ, ఆ తర్వాతే ఒళ్లు కాలుతోందనీ బాధపడేవాళ్లు. అలాంటి మనిషికి బిడ్డ పేరు కింద, అందులోనూ మైనింగ్ పక్కన, సున్నా కనిపించింది.

"నువ్వు పొద్దుందాక కాంటా కాడ కూసోని అలిసిపోయి వస్తున్నవు. గీడ మస్టర్లు పడుత లేవేమో, టైం దొర్కుత లేదేమో అనుకున్న. ముట్టుడే బంద్ జేసినవు గదా. పేరు కొట్టేస్తరేమో అనిపించింది." కాసేపు ఆగాడు, ఊపిరి అందుకోవడానికి. "నా డ్యూటీ నువ్వు చేస్తున్నవు. నీ డ్యూటీ ఒక్కటన్న నేను జేద్దామనుకున్న."

నాకు ఏడుపొచ్చింది. కోపంతో మొదలైన ఏడుపే, మధ్యలో ఇంకేదో అయింది. ఆయన ఎదుట ఏడవడం ఇష్టం లేక బూట్లు విప్పే నెపంతో బయటికెళ్లి మెట్ల మీద కూర్చున్నాను. లోపల అమ్మ ఆయన్ను అడుగుతోంది, "తవ్వి తవ్వి దమ్ము పట్టిచ్చుకుంటివి, ఇంట్ల కూసోని గుడ తవ్వాల్నా?"

కబురు తెలిసి సాయంత్రం స్నేహితురాలు వచ్చింది. ఓదార్చడానికే వచ్చింది. కానీ తెర మీద నా డ్రూయిడ్ సంచిలో ఎంత ఇనుపరాయి పోగుపడిందో చూడగానే ఆమెలోని కమ్మరి నిద్ర లేచింది.

"కాకా, వారంల గింత తవ్వినవా! నేను నెల పెట్టినా గింత రాదు. మస్తు మాల్ ఉన్నది కాకా!"

బాపు నవ్వలేదు. నా వైపు చూసి తల దించుకున్నాడు. ఆమె గొంతు తగ్గించి నాతో, "ఫికర్ చెయ్యకు. రేపు పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పు. మనుషులే గదా, సమజైతరు," అంది.

సమజు కాలేదు. ఆదివారం మధ్యాహ్నం వనమండలి ముందు నిలబడ్డాను. మండలి పెద్ద ఎవరో, ఏ దేశమో నాకు తెలియదు. ఆయన ఇంగ్లిష్ పంచాంగ శ్రవణంలా ఉంటుంది. పట్టీ తెరిచి చూసి, "నీ చేతులకు ఇనుము వాసన వస్తోంది," అన్నాడు. అది నేను తవ్వింది కాదు, మా నాన్న నా డ్యూటీ అనుకుని తవ్వాడు అని టైపు చేశాను. నాకు తెలిసిన ఇంగ్లిష్‌లో అంతకంటే బాగా చెప్పడం కుదరలేదు. కుదిరినా మస్టర్ సంగతి ఆయనకు ఎక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పాలి? "వనానికి తండ్రులు తెలియరు, చేతులే తెలుసు," అన్నాడు పెద్ద. తలుపు మూసుకుంది. సరిగ్గా అప్పుడే ఓపెన్ కాస్ట్‌లో బ్లాస్టింగ్ జరిగి మా కిటికీ అద్దాలు గలగలలాడాయి. ప్లేడే రోజు కూడా బొగ్గు ఆగదు.

ఎవరికీ ఏదీ వారసత్వంగా రాని ఆట అని ఇంతకుముందు గొప్పగా చెప్పాను. ఆ ఆటలో కూడా నాకు మా బాపు పనే వచ్చింది. మిగిలిన ఆకుల నేర్పుతో ఏ గుంపులోనూ చోటు దొరకక, నా డ్రూయిడ్ స్నేహితురాలి కొలిమికి ఇనుపరాయి తవ్వి పెట్టే పనిలో కుదిరింది. కొమ్ముల కిరీటం ఇంకా ఉంది. లోపలికి దిగేటప్పుడు దాని మీదే ఇనుప టోపీ పెట్టుకుంటుంది.

నా సంగతి అలా తేలిపోయింది, ఇంట్లో సంగతి తేలలేదు. బాపు మళ్లీ కంప్యూటర్ వైపు చూడలేదు. పద్యనాటకాలు కూడా బంద్. కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని, వచ్చే పోయే షిఫ్టు బస్సులు చూస్తూ కూర్చునేవాడు. తనను ఒక బోర్డు అన్‌ఫిట్ అంటే తట్టుకున్నాడు. సొంత బిడ్డ కూడా అదే మాట ఇంకో రకంగా అన్నదని ఆయన అనుకుంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది. అది నన్ను కాంటా రూములో కూడా వదల్లేదు.

మళ్లీ ప్లేడే వచ్చినప్పుడు కుర్చీ పట్టుకుని ఇటు తిప్పాను.

"బాపూ, నీకు వేరే మనిషిని తయారు చేస్త. మైనింగ్ పెడుదాం. టోపీ, దీపం, మంచి గునపం, అన్నీ పెడుదాం."

"నాకు గునపమెందుకే?" అన్నాడు, నిజంగా ఆశ్చర్యపోయి. "నాకేమన్న పిచ్చా? ముప్పై ఏండ్లు సూసిన. నీకు అవసరమనే తవ్విన."

ఇది నేను ఊహించలేదు. వారమంతా ఆయన సంతోషంగా తవ్వాడని, పాత పని దొరికిందని ఆ ముఖం అంత తేటగా ఉందని నా లెక్క. ఆయన ఆనందం తవ్వడంలో లేదు.

"మరేం కావాలె?"

తెర వైపు తిరిగాడు. "నీ పిల్ల చెట్టు కాడ కూసునేది గదా, కొమ్ములు పెట్టుకోని. గా కూసున్నోళ్లు ఏం జేస్తరు?"

"ఆకులు ఏరుతరు. జంతువులతోటి మాట్లాడుతరు. ఉత్తగ కూసోని ఊపిరి పీల్చుకుంటే ధ్యానం పెరుగుతది."

"ఉత్తగ కూసుంటెనా?"

"ఆఁ."

"ఊపిరి పీల్చుకుంటె?"

"ఆఁ బాపూ."

నన్ను అనుమానంగా చూశాడు, తనతో పరాచికాలాడుతున్నానేమో అని. "గట్ల గుడ మస్టర్ పడుతదా?" అన్నాడు.

పడుతుందని చూపించాను. అన్నీ సున్నాలున్న ఒక కొత్త మనిషిని తయారు చేసి, మైనింగ్ పక్కన ఆకు మొలిచిందని నిర్ధారించుకుని, చెట్టు కింద కూర్చోబెట్టాను. తెరలో ఆ మనిషి ఛాతీ మెల్లగా ఎగసి దిగింది. కాసేపటికి ధ్యానం గీత వెంట్రుక వాసి కదిలింది. బాపు వంగి, కళ్లజోడు సర్దుకుని చూశాడు. ఊపిరి తీసుకోవడం ఒక నేర్పని ఆయనతో అప్పటిదాకా ఎవరూ అనలేదు. అందరూ దాన్ని ఆయనకు రాని పనిగానే చెప్పారు.

అక్కడి నుంచి ఇంట్లో నాకు కంప్యూటర్ దొరకడం కష్టమైంది. నేను డ్యూటీకి వెళ్లే వేళకు ఆయనా స్నానం చేసి, తల దువ్వుకుని కూర్చునేవాడు. మొదట్లో ప్రతి చెట్టునూ పైనుంచి కిందికి చూసి, "గిది మంచి కట్టె. కప్పు ఆపుతది," అనేవాడు. "కట్టె కాదు బాపూ, చెట్టు," అనేదాన్ని. ఆయన జీవితంలో చూసిన చెట్లన్నీ బెరడు తీసి, కొలతకు కోసి, భూమి కింద నిలబెట్టినవే. పైన ఆకులుంటాయనీ, వాటికి వేరే పేర్లుంటాయనీ ఒప్పుకోవడానికి చలికాలం పట్టింది. తోడేళ్లు ఆయన్ను కూడా తిన్నాయి. కానీ నా అంత తినలేదు. ఆయన మాట్లాడబోడు, ఊరికే పక్కన కూర్చుంటాడు. కొత్తగా బాయికొచ్చిన వాళ్లతో కూడా అంతేనట, వారం దాకా ఏమీ అడగకూడదట.

అమ్మకు మాత్రం ఇదంతా వెటకారమే. "తండ్రి బిడ్డలకు ఆకులేరే నౌకరి దొరికింది. ఇంట్ల కొత్తిమీర ఏరుమంటె ఒక్కలు రారు," అనేది. బాపు మర్నాడు కొత్తిమీర ముందేసుకుని కూర్చున్నాడు. అయ్యాక నన్ను పిలిచి, దీనికి మూలికల్లో ఏమన్నా పడుతుందా అని అడిగాడు. పడదంటే కొంచెం నిరాశపడ్డాడు.

ఎండలు మొదలయ్యేటప్పుడు మళ్లీ పరీక్ష వచ్చింది. ఆ ఆదివారం బాపు ఉతికిన చొక్కా వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. చేతులు ఒళ్లో పెట్టుకుని, వీపు నిటారుగా పెట్టి. మెడికల్ బోర్డుకు వెళ్లిన రోజు బెంచీ మీద అలాగే కూర్చున్నాడు. అప్పుడు పక్కన నేనున్నాను కాబట్టి గుర్తుంది. "ఏమడుగుతరు?" అన్నాడు. ఏమీ అడగరు, చూస్తారు అన్నాను. "వాళ్లు గుడ చూసుడే చేసిన్రు," అన్నాడు. రెండోసారి కూడా కాదంటే ఈ మనిషి కుర్చీ మళ్లీ కిటికీ వైపు తిరుగుతుంది. నా పరీక్షకు కూడా నేనంత భయపడలేదు. స్నేహితురాలు వచ్చి గోడకానుకుని, తన వేళ్లు తానే విరుచుకుంటూ నిలబడింది.

అదే మండలి, అదే పంచాంగం ఇంగ్లిష్. పట్టీ తెరిచారు. మూలికలు, భాష, వైద్యం, ధ్యానం. ధ్యానం గీత ఆ రోజు వచ్చిన అందరికంటే పొడుగ్గా ఉంది. మైనింగ్ సున్నా, పక్కన ఆకు పచ్చగా. మండలి పెద్ద టైపు చేయడం మొదలుపెట్టాడు. మాటలు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. ఈ చేతులు ఎన్నడూ భూమిని తవ్వలేదు. ఈ చేతులకు ఇనుము వాసన లేదు. వనం ఈ మనిషిని తగినవాడిగా ఎంచింది.

"ఏమన్నరు?" అన్నాడు బాపు.

మొదటి మాటలు తెలుగులో చెప్పాను. ఆయన ఒళ్లోని చేతులు ఎత్తి చూసుకున్నాడు. బాయిలో పడిన దెబ్బల్లో బొగ్గు నిలిచి చర్మం కింద నీలం మచ్చలు అలాగే ఉండిపోయిన చేతులు. స్నేహితురాలు దుపట్టా నోట్లో కుక్కుకుని నవ్వాపుకుంటోంది. ఎన్నడూ బాయి దిగని నన్ను వెళ్లగొట్టిన మండలి, ముప్పై ఏళ్ల టింబర్‌మన్‌ను తెర మీద చూసి ఇంత స్వచ్ఛమైన చేతులు లేవంటోంది. నేను కూడా నవ్వాల్సిందే. కానీ చివరి మాట ఇంకా చెప్పలేదు, బాపు దానికోసం చూస్తున్నాడు.

"ఫిట్ అన్నరు బాపూ."

"నన్నా?"

"నిన్నే."

ఒకసారి ఊపిరి తీసుకున్నాడు. "బోర్డు మీద ఎందరున్నరు?"

"తొమ్మిది మంది."

"అందరు అన్నరా?"

"అందరు."

తల ఊపాడు. తెర మీద లోపలి అడవి తలుపు తెరుచుకుని ఉంది, ఆయన మనిషి ఇంకా బయటే నిలబడి ఉన్నాడు. రెండు వానాకాలాలు నేను కలలుగన్న తలుపు అది. లోపలికి నడిపించమని చెప్పబోయాను. ఆయన మౌస్ వదిలేసి వంటింటి వైపు తిరిగి గట్టిగా పిలిచాడు.

"ఏమే, ఇంటున్నవా? నేను ఫిట్ అయిన!"

"అయితె ఉత్తగెందుకు కూసున్నవ్?" అంది అమ్మ లోపలి నుంచే. "పోయి పాలపాకిట్ పట్టుకరాపో. చాయ్ పెడుత."

బాపు లేచి చెప్పులు వేసుకున్నాడు. దుకాణం మా లైను చివరే, నాలుగడుగులు. కిటికీలోంచి చూశాను. మెల్లగా నడిచాడు, ఒకసారి గోడ పట్టుకుని ఆగాడు, దుకాణం దాటాడు, మూలమీది చాయ్ హోటల్ వైపు తిరిగాడు. లోపల పాత షిఫ్టు వాళ్లెవరో ఆయన్ను చూసి బెంచీ మీద జరిగి చోటిచ్చారు.

ఆ రోజు మా ఇంట్లో చాయ్ చాలా ఆలస్యమైంది.